పసిబిడ్డకు వేరు గది యెన్నడు?

గత మాఘమాసములో మార్కాపురమున మా పెద్దమ్మ కూతురి యింట గృహప్రవేశమునకు పోయియుంటిమి. పలకల వ్యాపారములో నాలుగు డబ్బులు కూడబెట్టి, తాతలనాటి బండల మిద్దెను పడగొట్టించి, దాని చోట కట్టించిన రెండంతస్తుల మేడ యది. వచ్చిన ముత్తైదువలకెల్ల ఇల్లు చూపుచు మా అక్క మమ్ము మేడమీదికి తీసికొనిపోయి, లేత నీలపురంగు వేసిన యొక చిన్నగది తలుపు తెరచి, "ఇది మా మనుమని గది" యని సంతోషముతో చెప్పెను. గదిలో కటకటాల చిన్నమంచము, గోడలమీద చుక్కల బొమ్మలు, కిటికీకి తెరలు, మూలనొక గుడ్డ యేనుగు, అన్నియు నమర్చియున్నవి. లేనిది బిడ్డ యొక్కడే. వానికి మూడు నెలలు. వాడు క్రింది పడకగదిలో తల్లి ప్రక్కన నిద్రించుచుండెను.

మెట్లెక్కలేక క్రిందనే కూర్చున్న ముసలి అవ్వ, ఆ బిడ్డకు ముత్తవ్వ, మేము దిగివచ్చినపుడు "చూస్తిరా గది? అది బిడ్డకు గాదు, చూడవచ్చినోళ్లకు" అని నవ్వెను. మా అక్క ముఖము చిన్నబోయెను. కోడలుపిల్ల మాత్రము ఏమియు ననక, భోజనములైన పిమ్మట మమ్ము వంటింటి వెనుకకు పిలిచి మెల్లగా నిట్లడిగెను: "చిన్నత్తా, అమెరికాలో నుండు మా ఆడబిడ్డ తన బిడ్డను మూడవ నెలనుండియే వేరుగదిలో పండబెట్టినదట. అందుకని అత్తమ్మ ఈ గది సిద్ధము చేయించినది. మా అమ్మయేమో ఏడాది నిండువరకు బిడ్డను ప్రక్క దింపవద్దనుచున్నది. ఆయనకు రాత్రులు నిద్ర లేదు, నాకు లేదు. ఎవరి మాట వినవలెను?"

అప్పటికి మాకు తోచినది చెప్పి వచ్చితిమి. కాని దారిపొడుగునను ఆ పిల్ల ముఖమే మా కన్నులయెదుట నుండెను. క్రొత్తగా ఇండ్లు కట్టుకొనువారు మార్కాపురమున, గిద్దలూరున, కంభమున నానాటికి పెరుగుచున్నారు. పిల్లలకొక గది యని నకాశాలోనే వ్రాయించుచున్నారు. బెంగుళూరు, హైదరాబాదులలో ఉద్యోగములు చేయు కొడుకులు కోడండ్రు ఒక మాట తెచ్చెదరు, అమెరికానుండి ఫోనులో మరియొక మాట వచ్చును, ఇంటి పెద్దల మాట వేరొకటి. నడుమ నలిగిపోవునది బాలింత. అందుచేత నీ విషయమును కొంత విపులముగా వ్రాయుచున్నాము.

మా యభిప్రాయమును మొదటనే చెప్పివేయుదుము. ఆరు నెలలు నిండువరకు బిడ్డ పడక తల్లి గదిలోనే యుండవలెను. అయితే తల్లి పరుపుమీద గాదు. తల్లి చేయి చాచిన నందునంత దగ్గరలో, బిడ్డకు వేరుగా నొక పడక. ఆరు నెలలనుండి ఏడాదివరకు ఇంటి వసతిని, బిడ్డ తీరును, తల్లి యోపికను బట్టి నిర్ణయించుకొనవచ్చును గాని తొందర పడనక్కరలేదు. ఆ తరువాతి మాట కేవలము సౌకర్యమునకు సంబంధించినది.

వేరు పడక యనగానే అది దొరల పద్ధతి యని మన పెద్దవారు కొందరు మొగము ముడుచుకొందురు. వారికి మేము బారసాలను జ్ఞప్తికి తెచ్చుచున్నాము. ఇరువది యొకటవ దినమున పేరంటాండ్రను పిలిచి, దూలమునకు ఉయ్యాల కట్టి, బిడ్డ నందులో వేసి, పేరు పెట్టి, పాటలు పాడుదుము గదా! ఆ వేడుకకు అర్థమేమి? బిడ్డకు తనదైన పడక నొకదానిని ఇచ్చుటయే. ఆ ఉయ్యాలను మన వారెవ్వరును వేరు గదిలో కట్టలేదు. తల్లి మంచము ప్రక్కను, నడుమ నిద్రలో కాలితో నొక యూపు ఊపుటకు వీలుగా కట్టిరి. బిడ్డకు వేరు పడక, తల్లికి బిడ్డకు ఒకే గది. నేటి వైద్యులు చెప్పు మాటయు నించుమించు నిదియే యగుట మాకు మిక్కిలి సంతోషమును కలిగించినది.

అమెరికన్ అకాడెమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అను శిశువైద్య సంఘమువారు 2016లో, బిడ్డ కనీస మారు నెలలు, వీలైన యెడల ఏడాదివరకు, తల్లిదండ్రుల గదిలోనే వేరు పడకమీద నిద్రింపవలెనని చెప్పిరి. 2022లో ఆ మాటను సవరించి, కనీస మారు నెలలని నిలిపిరి. ఇంగ్లాండులోని ప్రభుత్వ వైద్యశాఖవారును ఆరు నెలలనియే చెప్పుచున్నారు. కనుక ఆడబిడ్డ చేసినది అమెరికా పద్ధతి యనుకొనుట పొరపాటు. అది ఆమె చేసిన పని. ఆ దేశపు వైద్యుల మాట వేరు.

ఆరు నెలలని యేల చెప్పిరి? ఏ రోగమును లేక, పాలు త్రాగి పండుకొన్న బిడ్డ తెల్లవారుసరికి ప్రాణము లేకయుండుట యను నొక విపత్తు కలదు. ఇట్టి మరణములలో నూటికి తొంబదివంతులు ఆరు నెలలలోపుననే జరుగుచున్నవి. రెండవ నెల మొదలు నాలుగవ నెలవరకు భయ మధికము. ఒకే గదిలో వేరు పడకమీద పండబెట్టుటవలన ఈ యపాయము సగమువరకు తగ్గవచ్చునని ఆ శిశువైద్య సంఘము వారి లెక్క. పెద్దల అలికిడి, దగ్గు, ఊపిరి చప్పుడు వినబడుచుండుటచేత బిడ్డ మరీ గాఢమైన నిద్రలోనికి జారిపోక, నడుమ నడుమ మేలుకొనుచుండుననియు, ఆ మేలుకొనుటయే వానికి రక్షయనియు శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. బిడ్డ మాటిమాటికి లేచుచున్నాడని విసుగుకొను తల్లులు ఈ మాటను మనసున నుంచుకొందురు గాక.

ఈ సందర్భమున ముప్పది యేండ్ల క్రిందట గిద్దలూరు దాపున నొక పల్లెలో జరిగినది చెప్పవలసియున్నది. తొలిచూలు బిడ్డ, రెండు నెలలవాడు. చలికాలము. తల్లికిని, చిన్న మేనత్తకును నడుమ నులకమంచముమీద బోర్ల పండబెట్టి, పైన బొంత కప్పిరి. తెల్లవారి చూడగా బిడ్డ లేడు. పక్షిదోషమని కొందరనిరి. అత్తగారు మాత్రము, నిద్రమత్తులో తల్లియే బిడ్డమీద పొరలినదని నలుగురిలో ననెను. నిజమేమో చెప్పగలవారెవ్వరును లేరు. కాని ఆ మాట ఆ పిల్లకు పేరైపోయెను. తరువాత ఇద్దరు బిడ్డలను కని పెంచినను, ఊరిలో నే తగవు వచ్చినను ఆ మాటయే యెత్తి పొడిచెడివారు. ఆమె యే పాపమును ఎరుగదు. బిడ్డను బోర్ల పండబెట్టరాదని గాని, మెత్తని బొంత ముఖముమీదికి రాకూడదని గాని ఆ యింటిలో నెవ్వరును ఆమెకు చెప్పియుండలేదు. వారికిని ఎవ్వరును చెప్పలేదు. అన్ని జాగ్రత్తలు తీసికొన్న యిండ్లలోనుకూడ ఒక్కొక్కప్పుడు ఇట్టి దుర్ఘటన జరుగుట కలదు. తల్లిని వ్రేలు చూపుట యెంత యన్యాయమో అట్టి యింటివారు తెలిసికొనవలెను.

వెల్లకిల పండబెట్టుట యెంత పెద్ద రక్షయో యీ యొక్క సంగతి చెప్పును. అమెరికాలో 1994 మొదలు, బిడ్డలను వెల్లకిలనే పండబెట్టుడని దేశమంతట ప్రచారము చేసిరి. అటుపిమ్మట పదేండ్లలో అక్కడ నిట్టి మరణములు ఇంచుమించు సగమునకు తగ్గెను. ఇంగ్లాండులో అంతకు మునుపే, 1991లో, ఇట్టి ప్రచారము సాగెను. మందు లేదు, యంత్రము లేదు; పండబెట్టు తీరు మారినది, అంతే.

మరి తల్లి పరుపుమీద పండబెట్టుకొనుట మాట? ఇది మన దేశములో నెల్ల యిండ్లలోను ఉన్నదే. మన యొక్క దేశముననే గాదు. 2010లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో 17 దేశములలోని 29,287 మంది శిశువుల నిద్రను గూర్చి విచారించిరి; తల్లిదండ్రుల పడకమీదనే నిద్రించు బిడ్డలు న్యూజిలాండులో నూటికి ఆరుగురికన్న తక్కువ, వియత్నాములో ఎనుబదిముగ్గురు. ఆసియా దేశములందంతట తల్లి ప్రక్కయే బిడ్డ చోటు. వేల్సు దేశమునందలి కార్డిఫ్ పట్టణమున కాపురముండు బంగ్లాదేశపు తల్లులనుగూర్చి 1993లో నొక వ్యాసము వెలువడెను. అచ్చటి తెల్లవారి బిడ్డలు నిశ్శబ్దమైన గదులలో నొంటరిగా పండుకొనుచుండగా, ఈ తల్లుల బిడ్డలు రాత్రింబవళ్లు ఎవరో యొకరి సందడి నడుమ పెరుగుచున్నారని అందు వర్ణించిరి. బ్రిటనులోని ఆసియా కుటుంబములలో నీ ఆకస్మిక మరణములు తక్కువగా నుండుటకు, ఆ తల్లులు పొగ త్రాగకపోవుటతోపాటు, ఈ సందడియు కారణము కావచ్చునని వారూహించిరి.

అట్లని తల్లి పరుపు నిర్భయమని యనుకొనరాదు. నాలుగు నెలలు నిండని బిడ్డను పెద్దవారి పడకమీద నుంచిన యెడల అపాయము అయిదునుండి పది రెట్లు పెరుగునని అమెరికా వైద్యుల లెక్క. తల్లిదండ్రులు గాక ఇతరుల ప్రక్కలో, అనగా అవ్వ ప్రక్కలోగాని తోబుట్టువుల ప్రక్కలోగాని పండబెట్టినను అంతే. మిక్కిలి అలసియున్నవారు, నిద్రమాత్రలు వేసికొన్నవారు, త్రాగినవారు, పొగపీల్చువారు ప్రక్కనున్నను, సోఫామీదను కుర్చీలోను బిడ్డ నెత్తుకొని నిద్రపోయినను పది రెట్లకంటె నెక్కువ. ఇవి ఆ దేశపు పరుపులను, ఆ దేశపు అలవాట్లను బట్టి కట్టిన లెక్కలే యైనను, సోఫా మన యిండ్లలోనికిని వచ్చియున్నది గదా! పొగాకు పండు జిల్లా మనది. తాతగారి చుట్ట బాలింత గదిలోనికి రాకుండ చూచు బాధ్యత ఇంటి మగవారిది. స్నానము చేయించి బిడ్డకు సాంబ్రాణి పొగ వేయు నలవాటును మూసిన గదిలో చేయకుండిన మేలు.

రాత్రి పాలిచ్చుచు తల్లి కునుకు తీయుట సహజము. అట్లు జరుగునని తెలిసినప్పుడు ముందే సిద్ధపడవలెను. వదులైన నులకమంచము నడుమ గుంట పడును. బిడ్డ ఆ గుంటలోనికి, తల్లి క్రిందికి జారును. గోడకు చేర్చిన మంచమునకును గోడకును నడుమ సందు మరింత యపాయము. దానికంటె నేలమీద గట్టి చాప, దానిమీద పలుచని దుప్పటి బిగువుగా పరచుకొని, దిండ్లు బొంతలు బిడ్డకు దూరముగా తీసివేసి పాలిచ్చుట మేలు. మెలకువ రాగానే బిడ్డను వాని పడకకు మార్చవలెను. తల గుండ్రముగా వచ్చుటకని మనవారు పెట్టు ఆవాల దిండు వలదు. ఏడాదిలోపు బిడ్డకు ఏ దిండును అక్కరలేదు.

చీర ఉయ్యాల విషయములో మేము కొంత తటపటాయించుచున్నాము. దానిలో నిద్రపోయి పెరిగినవారమే మనమందరము. అవ్వల చీరల మెత్తదనము, ఆ వాసన, ఆ యూపు, వీనికి సాటి యేదియు లేదు. అయినను న్యాయము చెప్పవలెను గదా. చీర ఉయ్యాలలో బిడ్డ వంగి, గడ్డము రొమ్మునకు తగులునట్లు ముడుచుకొనును. లేత మెడగల బిడ్డకు ఊపిరి బిగియవచ్చును. పగటిపూట, ఎదుట మనిషి కూర్చుండి యూపుచు చూచుచుండగా వేయుడు. రాత్రి యంతయు నందులో నుంచవలదు. రాత్రికి గట్టి అడుగుగల కొయ్య ఉయ్యాలయో కటకటాల మంచమో మేలు. బిడ్డ కూర్చుండ నేర్చినతోడనే చీర విప్పివేయవలెను. పెద్దపిల్లలు ఆటకై దానిలో దూరి మెలిపెట్టుకొనకుండ, వాడని వేళ పైకి ముడిచి కట్టుడు.

ఇక వేరు గది మాటకు వత్తము. పశ్చిమ ప్రకాశమున నీ ప్రశ్నకు సగము సమాధానము ఎండయే చెప్పును. మార్కాపురమున వేసవిలో 44, 45 డిగ్రీలకు చేరు దినములు అరుదు గావు. పగలంతయు కాగిన మిద్దె రాత్రి రెండు జాములవరకు సెగ విడుచుచునే యుండును. అందులో మేడమీది గది యనగా పొయ్యిమీది పెనము. ఇంటిలో శీతలయంత్రము ఒక్కటే యుండును. అది తల్లిదండ్రుల గదిలో నుండును. కరెంటు పోయినప్పుడు బిడ్డను వీవనతో విసరువారును ఆ గదిలోనే యుందురు. ఒడలు అధికముగా వేడెక్కుట పైన చెప్పిన విపత్తుకు హేతువులలో నొకటి. పెద్దవారు వేసికొన్నదానికంటె ఒక్క పొర యెక్కువ చాలును. నిద్రలో తలకు టోపీ వలదు. మెడవెనుక చేయి పెట్టి చూచిన చెమట తెలియును. వాకిటను, మిద్దెమీదను పండుకొను రాత్రులలో బిడ్డ నేలమీద గాక దోమతెర బిగించిన యెత్తైన పడకమీద నుండవలెను. నల్లమల దాపున నున్న యూళ్లవారికి తేళ్ల సంగతి మేము చెప్పనక్కరలేదు.

మరియొక సంగతి. 2019నుండి 2021వరకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణ ప్రకారము ఆంధ్రప్రదేశమున నూటికి 42 పురుళ్లు శస్త్రచికిత్సతో జరుగుచున్నవి. కడుపు కోసి కుట్టిన పిల్ల రాత్రికి నాలుగుసార్లు మెట్లెక్కి దిగవలెనా? తొలి నెలలలో బిడ్డ రెండు మూడు గంటల కొకసారి పాలకు లేచును. గది దూరమైనకొలది పాలిచ్చుట కష్టమగును, కష్టమైనకొలది సీసా దగ్గరకు వచ్చును. ఆరు నెలలవరకు తల్లిపాలు తప్ప మరియేదియు వలదని వైద్యులందరు చెప్పుచుండగా, ఆ పాలకే అడ్డు వచ్చు గది యేల? బరువు తక్కువగా పుట్టిన బిడ్డకైతే, మెలకువగా నున్న తల్లి రొమ్ముమీద చర్మమునకు చర్మము తగులునట్లు హత్తుకొనుటయే మందు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున, యంత్రములు చాలని యాసుపత్రిలో నొక వైద్యుడు మొదలు పెట్టిన యీ పద్ధతిని నేడు లోకమంతట అనుసరించుచున్నారు. అట్టి బిడ్డను వేరు గదికి పంపు ఆలోచనయే రాకూడదు.

ఎదుటి పక్షమువారి మాటయు వినవలెను. 2017లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జరిగిన యొక పరిశోధనలో, నాలుగు నెలలలోపుననే వేరు గదికి మారిన బిడ్డలు తొమ్మిదవ నెలలో, తల్లిదండ్రుల గదిలోనే యున్నవారికంటె రాత్రికి 40 నిమిషములు ఎక్కువ నిద్రపోయిరని తేలెను. తల్లి గదిలో నున్న బిడ్డ అర్ధరాత్రి తల్లి పరుపుమీదికి చేరుటయు నెక్కువగా కనబడెను. కావున నిద్రలేక సొమ్మసిల్లు తల్లి, బిడ్డను ఎప్పుడు మార్చుదునా యని తలచుట పాపము గాదు. ఆ నలుబది నిమిషములు తక్కువ వస్తువు గాదని మాకును తెలియును. కాని భయమెక్కువగా నున్న నాలుగు నెలలలోపు దానికై బేరమాడవలదని మాత్రమే మా మనవి. అంతవరకు నిద్ర దొరకుటకు మార్గము గది మార్చుట గాదు, పని పంచుకొనుట. పాలు త్రాగిన బిడ్డను త్రేన్పించి పండబెట్టుట తండ్రియు చేయగలడు. తెల్లవారుజామున రెండు గంటలు అవ్వ బిడ్డను ఎత్తుకొని వాకిట తిరిగిన, ఆ రెండు గంటలు కోడలికి వరము.

తెల్లదొరల బిడ్డలు పుట్టినది మొదలు ఒంటరిగా పండుకొని ధైర్యవంతులైరని వాదించువారికి ఒక్కమాట. వెనుకటి కాలపు ఇంగ్లీషు శ్రీమంతుల యిండ్లలో శిశువులకు వేరు గది యుండెడిది. ఆ గదిలో రాత్రింబవళ్లు ఒక దాదియు నుండెడిది. మనవారు గదిని చూచిరి గాని దాదిని చూడలేదు. దాది లేని గదికి ఇప్పుడు మానిటరను యంత్రమును అమర్చుచున్నారు. అది బిడ్డ యేడ్పును వినిపించును. యేడ్వలేని స్థితిని చెప్పునని నమ్మి ధైర్యముగా నుండుటకు వీలులేదు.

పరదేశములలో నుండు మన పిల్లల బాధ వేరు. కూతుళ్ల పురుళ్లకై ఆరు నెలలు అమెరికాకు పోయి వచ్చు తల్లులు మన మండలములలోను ఉన్నారు. అక్కడ ఆసుపత్రినుండి పంపుటకు ముందు నర్సు సాధారణముగా, బిడ్డను ఎక్కడ పండబెట్టెదరని యడుగును. ఈ ప్రశ్నకు మన తల్లులు బెదరుదురు. 2011లో నార్వే దేశమున నొక భారతీయ కుటుంబపు బిడ్డల నిద్దరను అధికారులు తీసికొనిపోయినప్పుడు, బిడ్డ తల్లిదండ్రుల పడకమీద పండుకొనుటయు, చేతితో అన్నము తినిపించుటయు ఆక్షేపణలలో చేరెనని ఆ తల్లిదండ్రులు చెప్పిరి. మరుసటి యేడు బిడ్డలు స్వదేశము చేరిరి గాని, ఆ భయము మాత్రము మనవారి మనసులలో నిలిచిపోయెను. అక్కడికి పోవు తల్లులు బెదరనక్కరలేదు. మంచము ప్రక్కనే చిన్నమంచము వేసితిమని చెప్పినచో, అది వారి వైద్యులు కోరునదియు, మన బారసాల నాడు మనము చేయునదియు నగును.

ఉద్యోగము చేయు తల్లికి 2017నాటి సవరణ చట్టమువలన మొదటి రెండు కాన్పులకు 26 వారముల సెలవు లభించుచున్నది. అనగా ఇంచుమించు ఆరు నెలలు. ఆ సెలవు ముగిసిన వారమే బిడ్డను వేరు గదికి మార్చు తల్లులను మేమెరుగుదుము. పగలు తల్లి లేదు, రాత్రియు తల్లి లేదన్న యెడల ఆ పసివాని గతి యేమి? ఒక మార్పునకు వాడు అలవాటుపడిన నెల నాళ్లకు గాని రెండవది తలపెట్టరాదు. మిరపచేలకు, ప్రత్తిచేలకు కూలికి పోయి, చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలలో బిడ్డ నుంచు తల్లులకు ఏ సెలవును లేదు, ఏ గదియు లేదు. వారి యింటికిని ఆశా కార్యకర్త వచ్చును. ఆసుపత్రిలో పురుడైన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆమె చూచి పోవలెనని నియమము. మూడవ నెలనుండి మరల అప్పుడప్పుడు రావలెను. ఆమె వచ్చినపుడు బరువు తూచి పంపివేయక, బిడ్డ పండుకొను చోటును చూపి యడుగుడు.

ఏడాది దాటిన తరువాత మన యిండ్లలో బిడ్డ తల్లి ప్రక్క విడిచి పోవునది వేరు గదికి గాదు, అవ్వ ప్రక్కకు. ఇది మంచి యాచారమే. కాని యది జరుగు వేళ మాత్రము తరచుగా మంచిది గాదు. రెండవ బిడ్డ పుట్టిన రాత్రియే మొదటివానిని అవ్వ దగ్గరకు త్రోయుదురు. క్రొత్త బిడ్డ వచ్చి తన చోటు లాగికొన్నదని వాడు చెల్లెలిమీద పండ్లు నూరును. పురుటికి రెండు మూడు నెలల ముందే, తల్లి దగ్గర నుండగానే, అవ్వ ప్రక్క కథలు వినుచు నిద్రపోవుట యలవాటు చేసిన యీ చిక్కు రాదు.

వేరు గదికి మార్చదలచినవారు బిడ్డను చూచి నిర్ణయింపవలెను, పంచాంగమును చూచి గాదు. రాత్రి పాలు చాలవరకు మానినాడా? తనంత తాను ఇటునటు పొర్లగలడా? లేచినపుడు పిలువగలడా? జ్వరముగాని, పండ్లు వచ్చు బాధగాని, క్రొత్త ఊరుగాని లేదుగదా? వీనికన్నిటికిని అనుకూలమైన జవాబు వచ్చిన, మొదట పగటి నిద్రను ఆ గదిలో అలవాటు చేయుడు. తరువాత కొన్ని రాత్రులు తల్లియో అవ్వయో ఆ గదిలోనే వేరుగా చాప వేసికొని పండుకొనుడు. తలుపు మూయవలదు. పిలిచినపుడు ఎవరో యొకరు వచ్చెదరని బిడ్డకు నమ్మకము కలిగిన తరువాత గది వానిదగును. వారము దినములైనను ఏడ్పు మానని యెడల వెనుకకు తీసికొనివచ్చి, రెండు నెలలాగి మరల చూడవచ్చును. అందులో ఓటమి లేదు, ఇరుగుపొరుగువారికి చెప్పుకొనవలసినదియు లేదు.

దసరాకు మరల మార్కాపురము పోయినపుడు ఆ యింటికి వెళ్లితిమి. కటకటాల చిన్నమంచము మేడ దిగి, కోడలి మంచమునకు మూరెడు దూరములో వేయబడి యున్నది. దానికొరకు కొడుకే తన వ్రాతబల్లను బయటకు జరిపించెనట. వేసవియంతయు ఆ నీలపు గదిలో మా అక్క వడియములు, ఊరమిరపకాయలు ఎండబెట్టిన జాడలు గోడవారను కనబడుచుండెను. పిల్లవానికి పదునొకండవ నెల. కటకటాలు పట్టుకొని నిలువబడి, మమ్ము చూచి నవ్వెను. ఉగాది పోయిన తరువాత వానిని తన గదికి మార్చుకొందునని ముత్తవ్వ చెప్పుచుండెను. "గది మాట తరువాత చూతము, ముందు ఈ చలికాలము గడవనీ అవ్వా" యని కోడలుపిల్ల వాని దుప్పటి సరిచేయుచు బదులు చెప్పెను.